నిఘంటుకర్త బ్రౌను

జనగామ జిల్లాలో పాలకుర్తి యను గ్రామము కలదు. బసవపురాణమును రచించిన పాల్కురికి సోమనాథుని పేరున నున్నది ఆ యూరే. దానికి చేరువనే బమ్మెర యున్నది. భాగవతమును తెనిగించిన పోతనకు ఆ గ్రామము పేరే ఇంటిపేరు. ఈ మహాకవుల గ్రంథములు అనేక శతాబ్దములు తాటాకులమీదనే జీవించెను. తాటాకునకు శత్రువులు పెక్కురు. చెదలు తినును, తేమ చెరచును, వ్రాయసకాని తొందర తప్పులను చేర్చును. ఒక యింటిలో శ్రద్ధగలవాడు లేకపోయినచో ఒక తరములోనే గ్రంథము మట్టిలో కలియును. అట్టి తాటాకుల కట్టలను వెదకించి, వెలయిచ్చి కొని, కాగితములపై కెత్తించి, వానిలోని మాటలను ఏరి నిఘంటువులలో నిలిపిన విదేశీయు డొకడు పందొమ్మిదవ శతాబ్దమున నుండెను. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తానగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషా పండితుడు. కుంఫిణీవారు తమ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై కలకత్తాలో స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలకు ఆయన అధిపతిగా నుండెను. పలుభాషల మాటలు చెవిని పడుచుండు ఇంటిలో పెరుగుటచే, భాషలయందలి ప్రీతి కుమారునకు బాల్యముననే కలిగెను. 1812లో తండ్రి గతించెను. కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కుంఫిణీ కొలువునకు కావలసిన విద్యను ముగించుకొని, బ్రౌను 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో మద్రాసు రేవున దిగెను. అప్పటి కాయనకు పందొమ్మిదేండ్లైనను నిండలేదు. తెలుగున ఒక్క యక్షరమును తెలియదు.

మద్రాసులోని సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు ఓనమాలు దిద్దించెను. 1820లో బ్రౌను తెలుగు పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. ఆ యేటనే మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, దేశభాష తెలియని యధికారి ప్రజల కష్టసుఖములను ఎరుగజాలడని ఉద్యోగులకు బోధించెను. ఆ బోధ యువకుడైన బ్రౌను మనస్సున గాఢముగా నాటుకొనెను. కలెక్టరునకు సహాయకుడుగా ఆయన కడపకు పోయెను. పిమ్మట మచిలీపట్టణమునను, రాజమహేంద్రవరమునను పనిచేసెను. న్యాయశాఖలోను, రెవిన్యూశాఖలోను ఉద్యోగము సాగించుచు, రైతులు కచేరీలో చెప్పుకొను మాటలను వినుచు, ఆయన తెలుగును నోటినుండి నేర్చెను. కచేరీలో విను తెలుగు వేరు, పండితులు పాఠముచెప్పు తెలుగు వేరు. ఈ రెంటి నడుమనున్న దూరమును ఆయన మొదటనే గుర్తించెను.

మచిలీపట్టణమున నుండగా, 1824లో, దుబాయి యను ఫ్రెంచి మతాచార్యుడు హిందువుల ఆచారములనుగూర్చి వ్రాసిన గ్రంథ మొకటి బ్రౌను చదివెను. అందు వేమన ప్రశంస యుండెను. బ్రౌనునకు కుతూహలము కలిగెను. వేమన పద్యములకై వెదకసాగెను. ఆ పద్యములు పల్లెపల్లెలను జనుల నాలుకలపై నుండెను గాని, నాటి పండితులలో పెక్కురు వానిని కావ్యములుగా లెక్కింపలేదు. బ్రౌను వానిని తక్కువగా చూడలేదు. నానాప్రాంతముల ప్రతులను తెప్పించి సరిపోల్చి, ఇంగ్లీషు అనువాదముతో 693 పద్యములను 1829లో అచ్చువేయించెను. మరల 1839లో 1164 పద్యములతో దానిని పెంచి ప్రకటించెను. నేడు బడిపిల్లలందరి నోటను పలుకు వేమన పద్యములు అచ్చుపుస్తకమున స్థిరపడుటకు ఈ కృషి తొలిమెట్టు.

ఆ కాలమున తెలుగు సాహిత్యము ఆరబోవు దీపమువలె బ్రౌనునకు తోచెను. దానికి చమురు పోయుటకు ఆయన పూనుకొనెను. కడపలో ఒక బంగళాను కొని, అందు పండితులను, వ్రాయసకాండ్రను నియమించి తన సొంత ధనముతో జీతము లిచ్చెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి మొదలైన విద్వాంసులు ఆయనకు తోడ్పడిరి. ఒక గ్రంథమును పరిష్కరింపవలసినప్పుడు దాని ప్రతులను పలుచోట్లనుండి తెప్పించెడివారు. ఒక ప్రతిని విశాలమైన అంచులు విడిచి కాగితముపై వ్రాసి, తక్కిన ప్రతులలోని పాఠభేదములను ఆ యంచులలో గుర్తించెడివారు. పిమ్మట పండితులు ఒక్కచోట కూర్చుండి, ఏ పాఠము సరియైనదో చర్చించి నిర్ణయించెడివారు. ఈ విధమున భారత భాగవతములు మొదలుకొని శతకములవరకు ఎన్నియో గ్రంథములకు శుద్ధప్రతులు సిద్ధమయ్యెను. మనుచరిత్రము, వసుచరిత్రము వంటి ప్రబంధములు వ్యాఖ్యానములతో అచ్చయ్యెను. పండితుల పాండిత్యము లేనిదే ఈ పని జరుగదు. బ్రౌను పట్టుదలయు ధనమును లేనిదే ఆ పాండిత్యము ఒకచోట కూడదు.

ఈ వ్యయము జీతమునకు మించెను. బ్రౌను అప్పులపాలయ్యెను. తోటి ఉద్యోగులు ధనము కూడబెట్టి స్వదేశమునకు మరలుచుండగా, ఈయన తాటాకులను కూడబెట్టి ఋణదాతలకు వడ్డీలు కట్టుచుండెను. జీవితాంతము అవివాహితుడుగానే యుండెను.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరమైన కరవు పీడించెను. అది నందన సంవత్సరము. తిండిలేక జనులు వీధులలోను, బాటలప్రక్కలను పడి చనిపోయిరి. మరణించినవారి సంఖ్య లక్షకు మించెను. ఆ కాలమున ఆ ప్రాంతమున ఉద్యోగమందుండిన బ్రౌను ఈ దుఃస్థితిని కన్నులార చూచెను. పై యధికారులు తమ లేఖలలో దీనిని స్కేర్సిటీ యని వ్రాయుచుండిరి. ఆ ఇంగ్లీషు మాటకు కొరత యని యర్థము. బ్రౌను మాత్రము తన లేఖలలో ఫేమిన్ అను మాటనే వాడెను. దానికి కరవు అని యర్థము. ఈ రెండు మాటలకు నడుమ తేడా చిన్నది కాదు. కొరత యున్నచో ప్రభుత్వము కొంతకాలము వేచియుండవచ్చును. కరవు వచ్చినచో వెంటనే గంజి పోయవలెను, శిస్తు మానవలెను. మాట మెత్తనైనచో కర్తవ్యమును మెత్తబడును. నిఘంటువును వ్రాయబోవు మనిషికి పదముల యర్థమనగా ఎంతటి బాధ్యతయో ఈ సంఘటన తెలుపును. ఆకలితో చచ్చువాని యెదుట నిలిచి, సరియైన మాటను విడిచి అనుకూలమైన మాటను వ్రాయుటకు ఆయన అంగీకరింపలేదు.

1834లో బ్రౌను ఉద్యోగము పోయెను. ఆయన లండనునకు పోయి సుమారు మూడేండ్లు అచ్చట నుండెను. కష్టకాలమునను చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశపు భాషల వ్రాతపుస్తకములు, చదువువారు లేక, పట్టిక యైనను లేక గుట్టలుగా పడియుండెను. సంస్కృత విద్వాంసుడైన విల్సను ప్రోత్సాహముతో బ్రౌను వానిని సరిచూచి, వేనికి వానిని వేరుపరచి పట్టిక సిద్ధముచేసెను. వానిలో రెండువేలకు పైగా గ్రంథములు తిరిగి మద్రాసునకు వచ్చుటకు ఆయన కారకుడయ్యెను. సముద్రము దాటి పోయిన సొత్తు మరల స్వదేశమునకు చేరుట అరుదు. పిమ్మట ఆయన పారశీక భాషాంతరీకర్తగా ఉద్యోగము పొంది మద్రాసు చేరెను. క్రమముగా పోస్టుమాస్టరు జనరలు పదవిని నిర్వహించెను. పగలు కచేరీ పని, తక్కిన కాలమంతయు తెలుగు పని. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడెను. ఆ సంవత్సరముననే జంగముల మతమును, ఆచారములను, సాహిత్యమును గూర్చి ఒక విపులమైన వ్యాసమును ప్రకటించెను. పాల్కురికి సోమనాథుని గ్రంథములలోని విషయములు ఆ వ్యాసముద్వారా ఇంగ్లీషు పాఠకులకు తెలియవచ్చెను. జనగామ ప్రాంతములు అప్పుడు నైజాము రాజ్యములోనివి. బ్రౌను ఉద్యోగము చేసినది కుంఫిణీ రాజ్యమున. రాజ్యముల సరిహద్దులు సోమనాథుని మాటలను ఆపలేకపోయెను.

బ్రౌను జీవితమున శిఖరమువంటిది నిఘంటు నిర్మాణము. పూర్వము మన నిఘంటువులు పద్యములుగా నుండెడివి. వానిని కంఠస్థము చేయవలెనే గాని, కావలసిన మాటను వెదకి తీయుటకు వీలులేదు. మచిలీపట్టణపు వర్తకుడైన మామిడి వెంకయ్య అకారాదిక్రమమున ఆంధ్రదీపికను కూర్చి క్రొత్తదారి చూపెను. 1821లో క్యాంబెలు నిఘంటువు, 1835లో మారిసు ఇంగ్లీషు తెలుగు నిఘంటువు వచ్చెను. బ్రౌను వీనితో తృప్తి పొందలేదు. కావ్యములలోని పదములతోపాటు రైతు, వర్తకుడు, నేతగాడు, గృహిణి పలుకు పదములును నిఘంటువునకు ఎక్కవలెనని ఆయన తలచెను. ప్రతిపదమునకు అర్థము చెప్పి, అది వాక్యమున ఎట్లు మెలగునో చూపవలెనని సంకల్పించెను. ఈ దీక్షలో ఇరువదేండ్లకు పైగా గడచెను. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులోని వేపేరి ముద్రాలయమున అచ్చయ్యెను. ఇంగ్లీషు తెలుగు నిఘంటువును ఆ దినములలోనే వెలువడెను. 1854లో మిశ్రభాషా నిఘంటువు వచ్చెను. పారశీకము, అరబ్బీ, హిందూస్థానీలనుండి తెలుగున చేరిన మాటలకు అది ప్రత్యేకమైనది. జిల్లా, రైతు, జామీను, దస్తావేజు, హాజరు మొదలైన మాటలు ఈ జాతికి చెందినవి. నైజాము కాలపు కాగితములలోను, నేటి మన మాటలలోను ఇవి అడుగడుగునను కనబడును. తన అర్జీలోని మాటకు అధికారి ఏమి యర్థము చెప్పునో దానినిబట్టియే పేదరైతు పొలము నిలుచుటయో పోవుటయో జరుగును. కావున ఇట్టి మాటలకు సరియైన అర్థము తెలుపుట కేవలము పాండిత్యము కాదు, ప్రజోపకారము.

ఇంగ్లీషు తెలుగు నిఘంటువు కూర్చుట మరింత కష్టమైన పని. ఏలయన, భాష నిలువనీరు కాదు, ప్రవాహము. బ్రౌను కాలమునాటి ఇంగ్లీషు నేటి ఇంగ్లీషు కాదు. మనము నేడు సైంటిస్టు అను మాటకు అప్పుడు ప్రాయము లేదు. హ్యూవెలు అను ఇంగ్లీషు విద్వాంసుడు దానిని కల్పింపగా, 1834లో అది తొలిసారిగా అచ్చున కనబడెను. అంతకుముందు ప్రకృతిని పరిశోధించువానిని ఫిలాసఫరు అనియే పిలిచెడివారు. నేటి భౌతికశాస్త్రమును నేచురల్ ఫిలాసఫీ అనెడివారు. ఫిజిక్ అనగా అప్పుడు వైద్యము, లేక మందు. అందుచేతనే వైద్యునకు ఫిజీషియను అను పేరు నేటికిని నిలిచియున్నది. మీట్ అను మాటకు పూర్వము ఆహారమంతటికిని అర్థముండెను, తరువాత అది మాంసమునకే పరిమితమయ్యెను. ఈ భేదము లెరుగక పాత పుస్తకమును చదువువాడు మందును యంత్రశాస్త్రముగాను, అన్నమును మాంసముగాను పొరబడును.

పాత ఇంగ్లీషులో శాస్త్రసంబంధమైన మాటలు ఇంకను చిత్రములు. గంధకమును బ్రిమ్‌స్టోన్ అనిరి. ఆ మాటకు మండెడు రాయి అని భావము. పాదరసమును క్విక్‌సిల్వర్ అనిరి. అచ్చట క్విక్ అనగా వేగము కాదు, ప్రాణముగల అని పాత యర్థము. చేతిలో నిలువక పరుగెత్తు ఆ లోహమును చూచి, ప్రాణమున్న వెండి యని ఆ పేరు పెట్టిరి. నేడు కాపర్ సల్ఫేట్ అని ప్రయోగశాలలో పిలుచుదానిని బ్లూ విట్రియల్ అనెడివారు. మన వైద్యులు దానినే మైలుతుత్తము అనుచుండిరి. గ్రీన్ విట్రియల్ మన అన్నభేది. సాల్ట్‌పీటర్ మన పెట్లుప్పు. ఏగ్యూ యనగా చలిజ్వరము, డ్రాప్సీ యనగా నీరువాపు, కన్సంప్షన్ అనగా క్షయ. ఈ పదార్థములును, ఈ రోగములును రెండు దేశముల వారికిని తెలిసినవే. కావున ఇంగ్లీషు మాటకు తగిన తెలుగుమాటకై శాస్త్రగ్రంథములను మాత్రమే చూచిన చాలదు. అంగడివానిని, నాటువైద్యుని, కంసాలిని, రంగులద్దువానిని అడుగవలెను. జనుల వాడుకను ప్రమాణముగా గైకొను బ్రౌను పద్ధతి ఇట్టిచోట్లనే ఫలించును.

మన చుట్టుప్రక్కల నున్న వస్తువులనుబట్టియు ఈ విషయము బోధపడును. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులు కలవు. పాత ఇంగ్లీషులో కోల్ అనగా నిప్పుకణిక, లేక కట్టెబొగ్గు. నేలనుండి త్రవ్వు బొగ్గు ఓడలలో లండనునకు వచ్చుచుండుటచే దానిని సీ కోల్ అని వేరుగా పిలిచిరి. కాలక్రమమున నేలబొగ్గు వాడుక హెచ్చి, పాత పేరును తానే ఆక్రమించుకొనెను. తెలుగున బొగ్గు అను మాట కట్టెబొగ్గునకును, రాతిబొగ్గునకును చెల్లుచున్నది. గోదావరిలోయయందలి ఈ బొగ్గుపొరను భూగర్భశాస్త్రజ్ఞుడు కింగు 1871లో ఇల్లందు సమీపమున కనుగొనెను. అప్పటికి బ్రౌను నిఘంటువులన్నియు అచ్చయి పదునేడేండ్లు గడచెను. మహబూబాబాదు ప్రాంతము మిరపపంటకు ప్రసిద్ధము. పెప్పర్ అను ఇంగ్లీషుమాట మొదట మిరియమునకే పేరు. మిరపకాయ 1492 తరువాత అమెరికా ఖండమునుండి వచ్చినది. కారము ఒక్కటే యగుటచే ఇంగ్లీషువారు దానికిని పెప్పర్ అను పేరే తగిలించిరి. మన మిరప యను మాటయందును మిరియముల వాసన యున్నది. క్రొత్తవస్తువు వచ్చినప్పుడు పాతమాటకు క్రొత్త యర్థము తొడుగుట అన్ని భాషలకును సహజము.

శాస్త్రము పెరిగినకొలది మాట మారకయే యర్థము మారుటయు కలదు. ఆటమ్ అను గ్రీకుమూలపు మాటకు విభజింపరానిది యని యర్థము. డాల్టను 1808లో దానిని రసాయనశాస్త్రమున స్థిరపరచినప్పుడు ఆ యర్థమే యుండెను. బ్రౌను నిఘంటువుల కాలమునను అట్లే యుండెను. 1897లో థామ్సను ఎలక్ట్రానును కనుగొనుటతో పరమాణువునందును భాగములున్నవని తేలెను. అర్థము మారెను గాని, మాట నిలిచెను. కావున పాత నిఘంటువును తప్పుల పుట్టయని త్రోసివేయరాదు. అది వెలువడిన కాలమున జనులు ఏమి యెరిగియుండిరో, ఏమి యెరుగకుండిరో తెలుపు అద్దము అది.

బ్రౌను కృషియందు లోపములు లేకపోలేదు. కొన్నిపదములకు ఆయన చెప్పిన అర్థములను తరువాతి పండితులు సవరించిరి. వాడుకమాటలను నిఘంటువున చేర్చుట నాటి విద్వాంసులలో కొందరికి రుచింపలేదు. ఆయన పరదేశపు పాలకులకు కొలువుచేసినవాడే. అయినను తాను పాలించు జనుల భాషను తక్కువగా తలపక, దానికి శిష్యుడై కూర్చుండుటయే ఆయన గొప్పతనము. ఆయన కూర్చిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1903లో సవరణలతో మరల అచ్చయ్యెను. దాని సంస్కరణమున కందుకూరి వీరేశలింగము పంతులు పాల్గొనెను. నేటికిని తెలుగు పదముల మూలములను వెదకువారు దానిని చేతిక్రింద నుంచుకొందురు.

ఇరువైపుల శ్రమచే బ్రౌను ఆరోగ్యము చెడెను. పక్షవాతము సోకెను. 1854లో ఆయన పదవిని విడిచి, మరుసటి సంవత్సరము లండను చేరెను. అచ్చటను తెలుగును మరువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల ప్రాయమున, కన్నుమూసెను. ఆయన సేకరించిన వ్రాతప్రతులు మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున చేరెను. కొంతకాలము తెలుగువారు ఆయనను మరచిరి. ఇరువదవ శతాబ్దమున బంగోరె యను కలముపేరుగల బండి గోపాలరెడ్డి ఆయన లేఖలను వెలికితీసి ప్రకటించెను. కడపలో బ్రౌను బంగళా యుండినచోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలచే ఆయన పేరున గ్రంథాలయము వెలసెను.

మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి యను పల్లెనుండి 1922లో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. నైజాము రాజ్యమున తెలుగునకు ఆదరము లేని దినములవి. భాషను నిలుపువారికి పెద్ద నగరము గాని, గొప్ప పదవి గాని అక్కరలేదని ఆ సోదరులు చూపిరి. భాషను నిలుపువారు ఆ భాషయందే పుట్టియుండ నక్కరలేదని బ్రౌను చూపెను. ఉభయులకును సమానమైనది మాటయెడల గౌరవము.

విద్యార్థి తెలియని మాట యెదురైనప్పుడు దానిని దాటిపోరాదు. ఆగి, నిఘంటువు తెరచి, దాని యర్థమును, ఆ యర్థము ఏ కాలమునాటిదో విచారింపవలెను. కరవును కొరత యని వ్రాసినచో ఆకలిగొన్నవానికి అన్యాయము జరుగును. మాటను సరిగా నెరుగుట సత్యమును సరిగా నెరుగుటకు తొలిమెట్టు. ఆ మెట్టును మనకు కట్టి యిచ్చినవారిలో బ్రౌను చిరస్మరణీయుడు.